ఈ ఏటి లక్ష్యం: తక్కువ మాట్లాడుట

కొత్త సంవత్సరంలో నేను అభివృద్ధి చెందాలని మా సంస్థ నిర్ణయించింది. నన్నడగలేదు. అడిగి ఉంటే, యాభై దాటాక పొట్ట తప్ప ఇంకేం అభివృద్ధి చెందుతుందండీ అని చెప్పి ఉండేవాణ్ణి.

నా పేరు కోటిలింగం. తణుకులో ఉంటాను. మా ఇంటి వెనక గదిలో, బియ్యం డబ్బాకీ బట్టల బీరువాకీ మధ్య కూర్చుని, కంప్యూటర్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. అంతకుముందు ఒక ప్రైవేటు హైస్కూల్లో చెప్పేవాణ్ణి. అక్కడ నా గొంతు రోడ్డు దాటి పశువుల ఆసుపత్రి దాకా వెళ్లేది. స్కూలు మూతపడ్డాక గేదెలకు కాస్త మనశ్శాంతి దొరికిందని మా ఆవిడ సత్యవేణి అంటుంది. ఆన్‌లైన్‌లోకి వచ్చాక కూడా ఆ గొంతు తగ్గలేదు. పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు కదా, అంత దూరం వినబడాలంటే గట్టిగానే చెప్పాలని నా నమ్మకం. అయినా అనుమానం తీరక, మధ్య మధ్య 'నేను వినబడుతున్నానా?' అని అడుగుతుంటాను. వీధి చివరి కిరాణాకొట్టు నుంచి 'ఆయ్, వినబడుతున్నారండీ' అని ఒకసారి జవాబొచ్చింది.

మా సంస్థ పేరు చెప్పను. చెబితే రేటింగు తగ్గుతుంది.

జనవరి మొదటి వారంలో మా అందరికీ తెరమీద సమావేశం పెట్టారు. వృత్తి వికాస విభాగానికి అధిపతి హేమనళిని గారు మాట్లాడారు. ఆవిడ ఏ రోజూ క్లాసు చెప్పలేదు. అందుచేత బోధన గురించి ఆవిడకి ఎలాంటి పక్షపాతమూ లేదు.

"డియర్ ఫెసిలిటేటర్స్! పాత ఏడాదిలో మీరు పాఠాలు చెప్పారు. ఈ ఏడాది మీరు ఎదగాలి. ప్రతి ఒక్కరూ ఒక వార్షిక వికాస లక్ష్యాన్ని నమోదు చెయ్యండి. అది కొలవదగినదై ఉండాలి. కొలవలేనిది లేనట్టే లెక్క."

నేను వెంటనే నమోదు చేశాను. 'పిల్లలకు లెక్కలు బాగా అర్థమయ్యేలా చెబుతాను' అని రాశాను. మర్నాడు ఉదయమే ఆవిడ ఫోన్ చేశారు.

"కోటిలింగం గారూ, మీరు రాసింది గోల్ కాదండీ. ఆశయం. ఆశయాలకి మా సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు."

"పోనీ, మా క్లాసు పిల్లలందరూ మార్చి పరీక్షలో లెక్కలు పాసయ్యేలా చూస్తానని రాయమంటారా?"

"అది స్టూడెంట్ల గోల్ కదా! వాళ్లది మీరు లాక్కుంటే ఎలా? మీ సంగతి చెప్పండి. మీలో ఏది ఎంత శాతం పెరుగుతుంది, ఏది ఎంత శాతం తగ్గుతుంది?"

నాలో షుగరు పెరుగుతోంది, జుట్టు తగ్గుతోంది. రెండింటికీ శాతాలు తెలియవు. నా ఇబ్బంది గ్రహించి ఆవిడే సిద్ధంగా ఉన్న లక్ష్యాలు చదివి వినిపించారు. కెమెరా వైపు చిరునవ్వుల వృద్ధి ఒకటి. చప్పట్ల బొమ్మల వినియోగం ఒకటి. మూడోది, 'గురువాక్ శాతపు క్రమానుగత తగ్గింపు'.

"అంటే ఏమిటండీ?"

"క్లాసులో మీరు మాట్లాడేది తగ్గాలి, పిల్లల భాగస్వామ్యం పెరగాలి. రెండూ యంత్రమే కొలుస్తుంది. మీకు శ్రమ లేదు."

నా చిరునవ్వు చూస్తే పన్ను నొప్పేమో అనుకుంటారు కాబట్టి మొదటిది వదిలేశాను. తక్కువ మాట్లాడడం కన్నా తేలిక పని ఇంకేముంటుంది అనుకుని మూడోది పుచ్చుకున్నాను. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటే ఇన్నాళ్లూ గొర్రెను తిట్టేవాణ్ణి.

సంగతి విని సత్యవేణి ఆనందం పట్టలేకపోయింది. "పెళ్లైన దగ్గర్నుంచీ మొక్కుతున్నానండీ. దేవుడు ఆఫీసు రూపంలో వస్తాడనుకోలేదు. ఇంట్లో కూడా కొలుస్తారేమో కనుక్కోండి," అంది.

అయితే పని అంత తేలిగ్గా లేదు. క్లాసు అయిపోగానే తెరమీద ఒక గీత వచ్చేది. నేను మాట్లాడిన శాతం అది. ఎంత బిగబట్టుకున్నా ఎర్రగానే ఉండేది. లెక్క చెప్పకుండా ఎలా ఉండను? పైగా పిల్లలు ఊరుకోరు. ముఖ్యంగా కుసుమ.

కుసుమది నరసాపురం అవతల సముద్రం ఒడ్డు ఊరు. నాన్న రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. ఇంట్లో ఉన్నది ఆయన ఫోన్ ఒక్కటే. సాయంత్రం మా క్లాసు జరిగే గంటసేపూ అది కుసుమ చేతిలో ఉంటుంది, క్లాసు అవ్వగానే ఆయనతో చెరువు గట్టు మీదకు పోతుంది. అందుకని ఆ పిల్ల ఆ గంటలోనే ప్రపంచంలోని అనుమానాలన్నీ అడిగేస్తుంది. వెనక కోళ్లు అరుస్తుంటాయి.

"సార్, లైట్‌హౌస్ మీంచి పడవని చూస్తే నిమ్నకోణం అన్నారు కదా, అది పైన ఏస్తే కింద ఎందుకొస్తది సార్? మా ఇంటి కాడ్నుంచి లైట్‌హౌస్ కనపడుద్ది. నేను కిందుంటాను గదా, నాకు కోణం ఎక్కడ?"

ఇలాంటి ప్రశ్న వేశాక తక్కువ మాట్లాడేవాడు టీచరు కాదు, సన్యాసి. నేను రెచ్చిపోయేవాణ్ణి. గీత ఇంకా ఎర్రబడేది.

జనవరి ఆఖరుకు హెచ్చరిక వచ్చింది. 'మార్చి నాటికి ఎర్ర గీతలో కొనసాగువారి ఒప్పందములు పునరుద్ధరింపబడవు.' అది చదివాక నాకు రాత్రి అన్నం సహించలేదు. ఈ వయసులో లెక్కల మాస్టారికి కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముదామంటే, బేరగాళ్లు నా కేకలకే పారిపోతారు.

సరిగ్గా అప్పుడే నా జీవితంలో అత్యుత్తమ పాఠం చెప్పాను. ఎత్తులు, దూరాలు. చీపురు పుల్లతో దీపస్తంభం చేసి, సత్యవేణి అగ్గిపెట్టెను పడవగా పెట్టి, చేతులూ కాళ్లూ ఊపి చెప్పాను. తెర నిండా నా బల్లే కనిపించాలని పిల్లలు టైపు చేసే కిటికీ మూసేసుకున్నాను. ఆఖర్న "అర్థమైందా?" అని అడిగితే ఎవరూ నోరెత్తలేదు. ఇంత నిశ్శబ్దం లోతుగా అర్థమైతేనే వస్తుందని కళ్లు తుడుచుకున్నాను.

హెడ్‌సెట్ తీస్తుంటే తెలిసింది. దాని తీగమీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. అది కుర్చీ చేతికి నొక్కుకుపోయి, మొదటి నిమిషం నుంచీ నేను మ్యూట్‌లో ఉన్నాను. కిటికీ తెరిచి చూస్తే పిల్లలు గంటసేపూ గగ్గోలు పెట్టారు. 'సార్ వినబట్లేదు.' 'సార్ మ్యూట్.' 'సార్ సార్ సార్.' తర్వాత విసుగెత్తి వాళ్లలో వాళ్లే మాటల్లో పడ్డారు. 'సార్ చీపురుతో ఏం చేస్తున్నారు?' 'ఎవర్నో కొడుతున్నారు.' 'ఎవరైనా అంత్యాక్షరి ఆడతారా?' ఆడారు కూడా. నేను చీపురు పుల్ల ఎత్తినప్పుడల్లా చప్పట్ల బొమ్మలు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే హేమనళిని గారి ఫోన్. నా పని అయిపోయిందనుకున్నాను.

"కోటిలింగం గారూ, కంగ్రాచ్యులేషన్స్! నిన్నటి మీ సెషన్‌లో గురువాక్ శాతం సున్నా. విద్యార్థుల సందేశాలు మన సంస్థ పుట్టాక ఇన్ని ఎప్పుడూ రాలేదు. ఎలా సాధించారు?"

"మేడమ్, అది... మైకు బొత్తాం నొక్కుకుపోయిందండీ. పిల్లలు వినబడలేదని మొత్తుకున్నారు."

"చూశారా, మొత్తుకున్నారు! ఇంతకుముందు మొత్తుకునేవారా? ఊరికే కూర్చుని వినేవారు. మీరు మైకును త్యాగం చేశారు, వాళ్లలోంచి గొంతు పుట్టుకొచ్చింది."

"త్యాగం కాదండీ, పొరపాటు."

"వినయం మీ ప్రొఫైల్‌లో చేరుస్తాను. ఉద్దేశం సంగతి తర్వాత రాసుకుందాం. మార్చిలో చైర్మన్ గారి ముందు మీరు ఈ పద్ధతిలో ఒక క్లాసు చేసి చూపించాలి. అప్పటిదాకా ఇలాగే కొనసాగిస్తే మీ ఒప్పందం రెండేళ్లకు పొడిగించే పూచీ నాది."

ఇంకోసారి నిజం చెప్పడానికి నోరు తెరిచాను. 'రెండేళ్లు' అన్న మాట చెవిలో పడి అదే మూసుకుపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి అంగీకారమే, దాచడమెందుకు.

వారం తిరక్కుండా అందరికీ ఉత్తర్వు వచ్చింది. 'కోటిలింగం పద్ధతి' అని దానికి పేరు, నేనే దానికి మెంటారును. ఇకపై అన్ని సబ్జెక్టులవారూ మైకు నిలిపివేసి బోధించవలెను. నాకు గర్వంగానే అనిపించింది. ఉత్తర్వును సత్యవేణికి రెండుసార్లు చదివి వినిపించాను.

స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారు పెదవులు కదపవచ్చునా అని అడిగితే, 'కదపవచ్చును, కానీ అర్థం రాకూడదు' అని వివరణ వచ్చింది. సంగీతం టీచరు తాళం వేయవచ్చు, చేతులు తగలరాదు. తల్లిదండ్రులు గోలపెట్టారు. మా అబ్బాయి క్లాసులో ఏమీ వినబడడం లేదని రోజూ ఫోన్లు చేశారు. ఆ ఫోన్లన్నీ 'తల్లిదండ్రుల భాగస్వామ్యం' కింద జమ అయ్యాయి. అందులోనూ రికార్డే. వాపును చూసి బలుపనుకోవడం మామూలు మనుషులు చేస్తారు. మావాళ్లు ఆ వాపుకు గ్రాఫు కూడా గీశారు.

టీచర్ల మధ్య పోటీ మొదలైంది. ఒకాయన మైకుతో పాటు కెమెరా కూడా ఆపేసి 'నిరాకార బోధన' అన్నాడు. ఇంకొకావిడ అసలు క్లాసుకే రాలేదు. 'మేడమ్ ఎక్కడ?' అని పిల్లలు పెట్టిన సందేశాలతో ఆవిడ నన్ను దాటిపోయింది. హాజరు లేదన్న సాంకేతిక కారణంతో రెండో స్థానం ఇచ్చారు కానీ, లేకపోతే నా పరువు పోయేది. ఆవిడ మీద నాకు నిజంగా కుళ్లు పుట్టింది. ఆ మాటకొస్తే నేనూ క్లాసులు ఎగ్గొడదామా అని ఒక పూట ఆలోచించాను.

సాంఘికం చెప్పే అప్పలకొండ పలాస నుంచి ఫోన్ చేశాడు. "గురువా, నీ దయవల్ల నా నోరు తుప్పట్టిపోనాది. ఫ్రెంచి విప్లవం చేతుల్తో ఎలా చెప్తామేటి? తలకాయ నరికినట్టు చూపిత్తే పిల్లలు భయపడి ఏడిసీనారు. దానికీ నాకు మార్కులేసినారు!"

నేను నవ్వాను. మెంటారు నవ్వాల్సినంతే నవ్వాను.

నా క్లాసులో మాత్రం సందేశాలు తగ్గుతూ వచ్చాయి. పిల్లలు ఆశ వదులుకుంటున్నారు. రోజూ టైపు చేసేది కుసుమ ఒక్కతే. ఫిబ్రవరి మూడో వారంలో టైపు చెయ్యడం మానేసి తన మైకు తెరిచింది.

"సార్, మీకు ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందని తల ఊపాను.

"మరి ఎప్పుడు మాట్లాడతారు సార్? పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఆ కోణాల లెక్క నాకు ఇంకా రాలేదు. లెక్కలు పోతే పాలిటెక్నిక్ లేదు, రొయ్యల షెడ్డులో తొక్క తీయడానికి పంపేస్తానంటంది మా యమ్మ. మా యక్కని అలాగే పంపేసింది. నాన్న ఇంకాసేపట్లో ఫోన్ అట్టుకెళ్లిపోతాడు. చెప్పండి సార్."

నేను తెల్లకాగితం మీద కోణం గీసి చూపించాను. ఆ పిల్ల ఫోను తెరకి అది చీమంత కనిపించి ఉంటుంది. "కనపట్లేదు సార్," అంది. చేతులు ఊపాను. "అర్థం కావట్లేదు సార్," అని ఏడ్చింది. తర్వాత వాళ్ల నాన్న కాబోలు పిలిచాడు, తెర నల్లబడింది.

క్లాసు అవ్వగానే గీత వచ్చింది. పచ్చగా ఉంది. ఆ పిల్ల ఏడుపు మొత్తం నా ఖాతాలో భాగస్వామ్యంగా పడింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. అయినా మర్నాడు మళ్లీ మ్యూట్‌లోనే కూర్చున్నానంటే, సిగ్గు కన్నా ఒప్పందం బరువెక్కువని తెలుస్తోంది కదా.

సత్యవేణి నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు అన్నం వడ్డిస్తూ అంది. "మీ నోరంటే నాకెప్పుడూ చిరాకేనండీ. కాదనను. కానీ ఆ పిల్ల అంతలా అడుగుతుంటే చెప్పకపోతే, ఇంక అదెందుకండీ, అన్నం తినడానికా?"

నేను మాట్లాడలేదు. అలవాటైపోయింది.

మార్చి మొదట్లో చైర్మన్ గారి ముందు ప్రదర్శన. తెరమీద ఒక మూల చైర్మన్ గారు, పక్కన హేమనళిని గారు, వాళ్ల వెనక మాలాంటివాళ్లు వందలమంది. ఆవిడ నన్ను పరిచయం చేశారు. "బోధనలో శబ్ద కాలుష్యాన్ని సున్నాకు తెచ్చిన మార్గదర్శి శ్రీ కోటిలింగం! ఆయన మౌనాన్ని మీరే వినండి."

నేను మెడలో కొత్త కండువాతో కూర్చున్నాను. పిల్లలు ఎప్పటిలాగే 'సార్ వినబట్లేదు' అని మొదలెట్టారు. చైర్మన్ గారు తల పంకించారు. మైకు తెరిచిన చప్పుడు, వెనకే కోళ్ల అరుపు.

"సార్, కుసుమని. వారంలో పరీక్ష. ఈయాల్టికి నాన్నని బతిమాలి అరగంట ఎక్కువ ఉంచమన్నాను. ఆ లైట్‌హౌస్ లెక్క ఒక్కటి చెప్తారా? చెప్పకపోతే ఇంక అడగను లెండి సార్."

ఇంక అడగను అందే, అది తగిలింది నాకు. ఇన్నేళ్ల ఉద్యోగంలో పిల్లలు నన్ను చాలా అన్నారు, వెక్కిరించారు, గోడల మీద నా బొమ్మలేశారు. అడగను అని మాత్రం ఎవరూ అనలేదు.

చెయ్యి దానంతటదే తీగమీదికి వెళ్లింది. బొత్తాం నొక్కాను.

"నేను వినబడుతున్నానా?"

అవతల కోళ్లు కూడా ఆగినట్టనిపించింది. ఇంక నేను ఆగలేదు. చీపురు పుల్ల తీశాను, అగ్గిపెట్టె తీశాను. "కుసుమా, నువ్వు మీ గుమ్మంలో నిలబడి లైట్‌హౌస్ తలకాయ చూడు. దాని మీదున్న మనిషి నిన్ను చూస్తున్నాడు. ఇద్దరి చూపూ ఒకటే గీత! పైన నేలకి సమాంతరంగా ఇంకో గీత గియ్యి. రైలు పట్టాల మీద ఏటవాలుగా కర్ర పడేస్తే రెండు పట్టాల దగ్గరా కోణం ఎలా ఉంటుంది? సమానం! పైన ఆయనది నిమ్నకోణం, కింద నీది ఊర్ధ్వకోణం, రెండూ ఒక్కటే. పైది తెచ్చి కింద రాసుకో!" ఆ లెక్కా చెప్పాను, దాని తర్వాతిదీ చెప్పాను, నెల్లాళ్ల బాకీ అంతా చెప్పాను. కండువా ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

మధ్యలో ఒకసారి సందేశాల కిటికీ చూశాను. ఖాళీ. ఒక్క మాట లేదు, ఒక్క బొమ్మ లేదు. తెరమీద పిల్లల నెత్తులు మాత్రం కనిపిస్తున్నాయి. అందరూ కిందికి వంగి రాసుకుంటున్నారు.

క్లాసు అయ్యాక చైర్మన్ గారు హేమనళిని గారి వైపు తిరిగారు. "ఏమిటిది? ఆయన మాట్లాడాడు?"

"సాంకేతిక లోపం సర్," అందావిడ తడుముకోకుండా. "పొరపాటున మైక్ ఆన్ అయిపోయింది."

సాయంత్రానికల్లా నివేదిక వచ్చింది. గురువాక్ శాతం ఆకాశంలో ఉంది. విద్యార్థుల భాగస్వామ్యం శూన్యం. కింద యంత్రం తన సొంత బుద్ధితో ఒక వాక్యం చేర్చింది: 'తరగతి నిద్రించినట్లు భావించవలెను.'

రెండ్రోజులకు ఆవిడ ఫోన్ చేశారు. గొంతులో జాలి ఉంది. "కోటిలింగం గారూ, మీ విషయంలో కమిటీ ఉదారంగా ఆలోచించింది. వెంటనే తీసేయడం లేదు. ఈ నెలాఖరుదాకా మీరు శిక్షణలో ఉంటారు. అందులో ఉత్తీర్ణులైతే చూద్దాం. మీ క్లాసు వేరే ఫెసిలిటేటర్ మౌనంగా నిర్వహిస్తారు."

"శిక్షణ దేన్లో అండీ?"

"కోటిలింగం పద్ధతిలో. ప్రాథమిక స్థాయి."

"మేడమ్, కోటిలింగాన్ని నేనే కదండీ!"

"అది మీరు కాదండీ, పద్ధతి. మీరు పద్ధతి నుంచి చాలా దూరం వచ్చేశారు."

శిక్షణ సరిగ్గా మా క్లాసు వేళకే పెట్టారు. మొదటి రోజు హాజరయ్యాను. నాలాంటి పతితులు చాలామందే ఉన్నారు. అప్పలకొండ కూడా కనిపించాడు. తెరమీద హేమనళిని గారు ఎంతో ఉద్వేగంతో పెదవులు కదుపుతున్నారు, చేతులు ఊపుతున్నారు. చుక్క శబ్దం లేదు. అది పద్ధతో, బొత్తాం నొక్కుకుపోయిందో ఎవరికీ తెలియడం లేదు. 'మేడమ్ వినబడట్లేదు.' 'మేడమ్ మ్యూట్.' 'మేడమ్ మేడమ్.' వందల సందేశాలు. ఆవిడ ముఖంలో వెలుగు పెరిగిపోతోంది.

నా ముఖం ఆవిడ వైపే ఉంచాను. హాజరుకు అది చాలు, నా మైకు కూడా ఆపే ఉంది. ఒళ్లో పెట్టుకున్న ఫోను తీసి, కుసుమ వాళ్ల నాన్న నంబరు నొక్కాను. ఇంకా ఆయన చెరువుకు బయల్దేరని వేళ అది. రెండు మోతలకే కుసుమ ఎత్తింది, వెనక కోళ్లు.

"కుసుమా, పుస్తకం తియ్యి. నేను వినబడుతున్నానా?"

"వినబడుతున్నారు సార్. కొంచెం మెల్లిగా అరవండి, మా తమ్ముడు ఇప్పుడే పడుకున్నాడు."

జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, లైట్‌హౌస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను.